పాత యంత్రంలో తెలుగు అక్షరం: కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు, యాంటీవైరస్ రక్షణ - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తయారీ సంస్థ మద్దతు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లను వాడుతూ, యాంటీవైరస్ ఉన్నదన్న ధీమాతో కొనసాగడం కంప్యూటర్ చరిత్రలో కొత్త విషయం కాదు. తెలుగు ముద్రణ రంగంలో ఈ కొనసాగింపుకు ఒక ప్రత్యేక కారణం ఉంది. అది అలసత్వమో పేదరికమో మాత్రమే కాదు, అక్షరాన్ని యంత్రంలో భద్రపరచిన పద్ధతి. ఫ్లాపీ కాలం నుంచి విండోస్ 10 మద్దతు ముగింపు వరకు వైరస్‌ల చరిత్రను, తెలుగు ఫాంట్ల చరిత్రను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యాంటీవైరస్ ఏ మేరకు రక్షణ ఇవ్వగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఇందులోని ప్రధానాంశం.

కీలకపదాలు: విండోస్ ఎక్స్‌పి, యాంటీవైరస్, యూనికోడ్, డీటీపీ, పేజ్‌మేకర్, వాన్నాక్రై, పాఠ్య పరిరక్షణ.

1. ప్రవేశిక

మైక్రోసాఫ్ట్ సంస్థ 2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పిని విడుదల చేసింది. తెలుగు లిపి చరిత్రలో ఈ తేదీకి తగినంత గుర్తింపు రాలేదు. అంతకు ముందటి విండోస్ 2000లో భారతీయ లిపులలో దేవనాగరికి, తమిళానికి మాత్రమే చోటు దక్కింది. ఎక్స్‌పిలో తెలుగు చేరింది. దానితోపాటు 'గౌతమి' అనే యూనికోడ్ ఫాంట్ వచ్చింది. సాధారణ వినియోగదారుని విండోస్ యంత్రంలో తెలుగు, వేరే సాఫ్ట్‌వేర్ కొననవసరం లేకుండా, ఒక భాషగా గుర్తింపు పొందినది అప్పుడే.

ఇదే ఎక్స్‌పి ఆ తరువాత పదిహేనేళ్ళకు తెలుగు డీటీపీ కేంద్రాలలో పూర్తిగా వేరొక పాత్రలో కనిపిస్తుంది. మద్దతు ముగిసినా, అంతర్జాల భద్రతా నిపుణులు వద్దని చెప్పినా, అది అక్కడ కొనసాగింది. కొనసాగింది యూనికోడ్ తెలుగు కోసం కాదు. యూనికోడ్‌లో లేని తెలుగు కోసం. యూనికోడ్ తెలుగును తొలిసారి మోసుకొచ్చిన వ్యవస్థే యూనికోడేతర తెలుగుకు చివరి ఆశ్రయమైంది. ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోకుండా "పాత కంప్యూటర్లు మార్చుకోండి" అని చెప్పడం, వ్యాధి చరిత్ర అడగకుండా మందు రాసినట్లే ఉంటుంది.

2. ఫ్లాపీ కాలం

కంప్యూటర్ వైరస్ అన్న భావనకు శాస్త్రీయ రూపం ఇచ్చినవాడు ఫ్రెడ్ కోహెన్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా 1983లో ఆయన ప్రయోగం చేసి చూపాడు, 1984లో పత్రం ప్రకటించాడు. ఆ పేరు సూచించినది ఆయన పర్యవేక్షకుడు లెనార్డ్ ఆడెల్మన్. కోహెన్ నిరూపించిన ఒక విషయం ఇప్పటికీ యాంటీవైరస్ ప్రకటనలలో కనిపించదు. ఏ ప్రోగ్రామ్‌ను ఇచ్చినా అది వైరసా కాదా అన్నది ఒక్క పొరపాటు కూడా లేకుండా తేల్చగల సార్వత్రిక పద్ధతి ఉండడం సాధ్యం కాదని ఆయన తర్కబద్ధంగా చూపించాడు. యాంటీవైరస్ అనే వస్తువు మార్కెట్‌లోకి రాకముందే దాని పరిమితి తేలిపోయిందన్నమాట.

ఐబీఎం తరహా పర్సనల్ కంప్యూటర్లలో వ్యాపించిన తొలి వైరస్‌గా చెప్పే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. రాసినవారు ఇద్దరు అన్నదమ్ములు. తమ సాఫ్ట్‌వేర్‌ను అనుమతి లేకుండా నకలు చేసేవారిని పట్టుకోవడానికే రాశామని వారు చెప్పుకున్నారు. అందులో తమ పేర్లు, చిరునామా, టెలిఫోన్ నంబరు కూడా పెట్టారు. ఇది 360 కిలోబైట్ల ఫ్లాపీలోని బూట్ సెక్టార్‌లో చేరేది. ఫ్లాపీని డ్రైవ్‌లో ఉంచి యంత్రాన్ని ప్రారంభిస్తే మెమరీలోకి వచ్చి, తరువాత పెట్టిన ఫ్లాపీలన్నిటికీ అంటుకునేది. నకలు సాఫ్ట్‌వేర్‌కూ వైరస్‌కూ ఉన్న బంధుత్వం తొలి రోజునుంచే ఉన్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ బంధుత్వం తెలుగు డీటీపీ చరిత్రలో మళ్ళీ ఎదురవుతుంది.

1980ల చివరలో యాంటీవైరస్ సంస్థలు వెలిశాయి. మన దేశంలో పుణె నగరంలోని ఒక కంప్యూటర్ మరమ్మతు దుకాణం నుంచి క్విక్ హీల్ ఎదిగిన కథ 1990ల మధ్యకాలానిది. మరమ్మతుకు వచ్చే యంత్రాలలో అధికభాగం వైరస్ బాధితాలే కావడంతో కాట్కర్ సోదరులు ఆ పనికి పూనుకున్నారు. ఆ కాలంలో యాంటీవైరస్ పని సూటిగా ఉండేది. తెలిసిన ప్రతి వైరస్‌కూ ఒక 'సిగ్నేచర్', అంటే గుర్తింపు ముద్ర ఉంటుంది. దానిని ఫైళ్ళతో సరిపోల్చి చూడాలి. ఫ్లాపీ ఒక చేతి నుంచి మరొక చేతికి మారడానికి రోజులు, వారాలు పట్టేది గనుక కొత్త ముద్రల జాబితా నెలకొకసారి వచ్చినా సరిపోయేది. 'యాంటీవైరస్ వేసుకుంటే చాలు' అన్న నమ్మకం ఈ నిదాన కాలంలో ఏర్పడింది. అప్పటికి అది తప్పు కాదు కూడా.

3. ముక్కలైన అక్షరం

ఇదే కాలంలో తెలుగు అచ్చు రంగం లోహపు అక్షరం నుంచి తెర మీది అక్షరానికి మారుతున్నది. ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్, 1994లో అడోబీ చేతికి వచ్చి, 1990లలో విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా డీటీపీ కేంద్రాలకు పర్యాయపదమైంది. అయితే పేజ్‌మేకర్‌కు తెలుగు తెలియదు. దానికి తెలిసినది ఒక్కొక్కటి ఒక బైటుగా ఉండే 256 స్థానాల పట్టిక. ఆ స్థానాలలో రోమన్ అక్షరాలు, గుర్తులు ఉంటాయి.

తెలుగుకు కావలసిన రూపాలు 256లో ఇమడవు. గుణింతాలు, ఒత్తులు కలిపితే అక్షర రూపాలు వేలకు చేరతాయి. ఫాంట్ రూపకర్తలు దీనికి కనుగొన్న ఉపాయం టైప్‌రైటర్ నుంచి వచ్చినదే. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, సుడి, ఒత్తులు విడివిడి రూపాలయ్యాయి. కొన్ని ఫాంట్లలో 'మ', 'య' వంటి అక్షరాలు సైతం రెండు ముక్కల కలయికగా ఏర్పడతాయి. ఈ ముక్కలను రోమన్ అక్షరాలు, గుర్తులు ఉండవలసిన గదులలో కూర్చోబెట్టారు. తెర మీద 'తెలుగు' అని కనిపించే మాట ఫైలులో రోమన్ అక్షరాల, వింత గుర్తుల వరుసగా ఉంటుంది. ఫాంట్ తీసేస్తే తెలుగు మాయమవుతుంది. పైగా ఏ సంస్థ ఫాంట్‌కు ఆ సంస్థ పట్టికే. ఒకరి ఫాంట్‌లో కొట్టిన పాఠం మరొకరి ఫాంట్‌లో చదవడానికి రాదు.

ప్రమాణాలు లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. భారతీయ భాషలకు ఇస్కీ ప్రమాణం 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. అదే సంవత్సరం వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు 128 స్థానాల విభాగం ఉంది. రెండింటిలోనూ అక్షరం ధ్వనిని అనుసరించి నమోదవుతుంది. రూపం సంగతి ఫాంట్ చూసుకుంటుంది. కానీ ప్రమాణం కాగితం మీద ఉన్నంత మాత్రాన పేజ్‌మేకర్‌లోకి రాదు. అచ్చు పని రేపటికి కావాలి. అందమైన అక్షరం కావాలి. ఆ రెండూ ఇచ్చినవి అను, శ్రీలిపి వంటి వ్యాపార ఫాంట్లే. వాటి రూపకర్తలు తెలుగుకు చేసిన మేలు తక్కువది కాదు. వేలాది పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు ఆ అక్షరాలతోనే అచ్చయ్యాయి.

ఈ ఏర్పాటులో కీలకమైనది కీబోర్డు మేనేజర్. మీట నొక్కిన వెంటనే దానిని అడ్డగించి, దానికి బదులు తెలుగు ముక్కల సంకేతాలను పేజ్‌మేకర్‌కు పంపే చిన్న ప్రోగ్రామ్ అది. టైపిస్టు వేళ్ళు యాపిల్, మాడ్యులర్, టైప్‌రైటర్ వరుసలలో ఏదో ఒకదానికి ఏళ్ళ తరబడి అలవాటుపడి ఉంటాయి. ఫాంటు, కీబోర్డు మేనేజర్, పేజ్‌మేకర్, వాటిని మోసే విండోస్ - ఈ నాలుగూ కలిసి ఒకే పరికరంగా మారాయి. ఒకటి మారిస్తే తక్కినవి కదిలిపోతాయి.

4. పెన్‌డ్రైవ్ కాలం

ఎక్స్‌పి మొదట వచ్చినప్పుడు దాని ఫైర్‌వాల్ ఆపివేసి ఉండేది. దాని ఫలితం 2003 ఆగస్టులో బ్లాస్టర్ రూపంలో కనిపించింది. ఏ ఫైలూ తెరవనవసరం లేదు. యంత్రం నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, అరవై సెకన్లలో ఆగిపోతున్నదన్న హెచ్చరిక తెర మీద లెక్క మొదలుపెట్టేది. 2004లో సాసర్ అదే దారిలో వచ్చింది. రెండు సందర్భాలలోనూ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ముందే విడుదల చేసింది. బ్లాస్టర్‌కు ఒక నెల ముందు, సాసర్‌కు రెండు మూడు వారాల ముందు. వేసుకున్నవారు బతికారు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతటదే పనిచేయడం మొదలైంది.

ఇక్కడ జరిగిన మార్పును గుర్తించాలి. ఫ్లాపీ కాలపు వైరస్ ఫైలులో దాక్కున్న దొంగ. దానిని వెతికి పట్టుకోవచ్చు. బ్లాస్టర్ వంటి 'వార్మ్' గోడలోని పగులు గుండా వచ్చేది. పగులు పూడ్చడం యాంటీవైరస్ పని కాదు, ఇల్లు కట్టినవాడి పని. ఆపరేటింగ్ సిస్టమ్ మద్దతు అనే మాటకు అసలైన అర్థం ఇదే. మద్దతు ముగిసింది అంటే యంత్రం ఆగిపోయిందని కాదు, ఇకమీదట కనబడే పగుళ్ళను పూడ్చేవారు లేరని.

డీటీపీ కేంద్రాలను ఎక్కువగా బాధించినది నెట్‌వర్క్ కాదు, పెన్‌డ్రైవ్. రచయిత తన ప్రతిని తెస్తాడు. టైపిస్టు దిద్దుబాట్లు చేసి ప్రెస్సుకు పంపుతాడు. ప్లేట్లు తీసే చోటికి అదే పెన్‌డ్రైవ్ వెళుతుంది. సాయంత్రానికి అరడజను యంత్రాలను ముట్టుకుని ఇంటికి చేరుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ దానంతటదే నడిచే 'ఆటోరన్' సౌకర్యం ఎక్స్‌పిలో ఉండడం ఈ ప్రయాణానికి ఎర్ర తివాచీ అయింది. ఫోల్డర్ బొమ్మ వేసుకుని 'న్యూ ఫోల్డర్' పేరుతో కూర్చున్న ఈఎక్స్ఈ ఫైలును, అసలు ఫోల్డర్లు మాయమై వాటి స్థానంలో మిగిలిన షార్ట్‌కట్‌లను చూడని తెలుగు టైపిస్టు ఆ రోజుల్లో ఉండి ఉండడు. 'ఆట్రిబ్' ఆదేశంతో దాగిన ఫోల్డర్లను బయటికి రప్పించడం డీటీపీ నేర్పే చోట్ల అనధికార పాఠ్యాంశమైంది. 2008 చివరలో మొదలైన కాన్ఫికర్ నెట్‌వర్క్ లోపాన్నీ పెన్‌డ్రైవ్‌నూ రెంటినీ వాడుకుంది. దానికీ ప్యాచ్ అప్పటికే, ఆ అక్టోబర్ 23ననే వచ్చింది. పాత విండోస్‌లలో ఆటోరన్‌ను అప్‌డేట్ ద్వారా మూసివేసింది మాత్రం 2011 ఫిబ్రవరిలోనే.

2010 నాటి స్టక్స్‌నెట్ మరొక మెట్టు. అది వాడుకున్న లోపం షార్ట్‌కట్ బొమ్మను తెర మీద చూపించడంలోనే ఉంది. క్లిక్ చేయకపోయినా, ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు. ఇరాన్ అణు కేంద్రం లక్ష్యంగా పుట్టినా, అది ఎక్కువగా వ్యాపించిన దేశాలలో భారతదేశం ఒకటి. ఆ లోపానికి ఆగస్టు 2న ప్యాచ్ వచ్చింది. ఎక్స్‌పి సర్వీస్ ప్యాక్ 2తోనే ఆగినవారికి ఆ ప్యాచ్ అందలేదు. వారి మద్దతు అంతకు మూడు వారాల ముందే, జులై 13న ముగిసింది. కాలం చెల్లిన వ్యవస్థ అంటే ఏమిటో వివరించడానికి ఈ మూడు వారాలు చక్కని ఉదాహరణ.

ప్యాచ్‌లు వచ్చినా వేసుకోకపోవడానికి ఒక కారణాన్ని మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. చిన్న కేంద్రాలలో నకలు విండోస్, నకలు పేజ్‌మేకర్, నకలు ఫాంట్లు సర్వసాధారణం. 2005లో మైక్రోసాఫ్ట్ అసలు ప్రతులను పరిశీలించే ఏర్పాటు తెచ్చిన తరువాత కూడా ఆటోమేటిక్ అప్‌డేట్స్ ద్వారా భద్రతా సవరణలు అందరికీ అందాయి. అయినా 'ఇది అసలు ప్రతి కాదు' అన్న హెచ్చరిక తెర మీదికి వస్తుందేమోనన్న భయంతో అప్‌డేట్‌లనే ఆపివేశారు. దొంగతాళం వేసిన ఇంటివాడు మేస్త్రీని పిలవలేకపోయాడు.

5. 2014 ఏప్రిల్ 8

ఆ రోజుతో ఎక్స్‌పి మద్దతు ముగిసింది. పన్నెండేళ్ళకు పైగా సాగిన మద్దతు అది. అప్పటికీ ప్రపంచంలోని డెస్క్‌టాప్ యంత్రాలలో నాలుగోవంతుకు పైగా అదే నడుస్తున్నదని అంచనాలు చెప్పాయి. తెలుగు డీటీపీ రంగం ఆ నాలుగోవంతులో ఎందుకు ఉన్నదన్నదే ప్రశ్న.

పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0, 2001లో వచ్చింది. 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపివేసింది. యూనికోడ్ దానికి ఎన్నడూ పట్టుబడలేదు. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు సరైన మద్దతు 2012 నాటి సీఎస్6తో గాని రాలేదు. అంటే 2001లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుగు వచ్చినా, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రావడానికి మరో పదకొండేళ్ళు పట్టింది. ఆ పదకొండేళ్ళలో అచ్చయిన తెలుగు పుస్తకాలను తలచుకుంటే, డీటీపీ రంగం వెనుకబడిందనడం కంటే దానిని వెనుక వదిలేశారనడం న్యాయంగా ఉంటుంది. ఎక్స్‌పిలో తెలుగు ఉన్నదన్న మాటకు కూడా ఒక మినహాయింపు ఉంది. రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 'కాంప్లెక్స్ స్క్రిప్ట్' ఫైళ్ళను సీడీ నుంచి వేసుకుంటే తప్ప అక్షరాలు సరిగా అతికేవి కావు. ఆ సీడీ ఎంతమంది దగ్గర ఉంది?

కొత్త యంత్రానికి మారడంలో సాంకేతికమైన అడ్డంకి కూడా ఉంది. 64 బిట్ విండోస్ పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లను నడపదు, 32 బిట్ డ్రైవర్లను అంగీకరించదు. పాత ప్రింటర్లు, ఇమేజ్‌సెట్టర్లు, ఫాంట్లకు కాపలాగా ఉండే హార్డ్‌వేర్ లాకులు ఆ డ్రైవర్ల మీద ఆధారపడినవి. విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ఇచ్చిన 'ఎక్స్‌పి మోడ్' ఒక మధ్యేమార్గం. దానిలోపల నడిచేదీ ఎక్స్‌పియే గనుక దాని మద్దతూ అదే ఏప్రిల్ 8న ముగిసింది.

వెబ్‌లోనూ ఇటువంటి కథే నడిచింది. ఈనాడు, వార్త వంటి దినపత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతోనే ఉండేవి. డైనమిక్ ఫాంట్ల మీద ఆధారపడిన సైట్లకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే దిక్కయింది. భద్రత రీత్యా అది అప్పటి బ్రౌజర్లలో బలహీనమైనది. ఆ పాఠాన్ని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా మార్చి చూపే 'పద్మ' అనే ఉపకరణాన్ని నాగార్జున వెన్న రూపొందించాడు. తెలుగు పాఠకులకు అది చేసిన సేవను మరువరాదు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వేగం, భద్రత దృష్ట్యా పాత తరహా ఉపకరణాలను నిలిపివేసింది. పద్మ కూడా ఆ తరహాదే. భద్రత ఒక మెట్టెక్కిన ప్రతిసారీ తెలుగుకు కట్టుకున్న ఒక తాత్కాలిక వంతెన తెగిపోయింది. కొత్త మెట్టు ఎక్కడానికి వెనుకాడినవారిని తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

6. యాంటీవైరస్ మీద పడిన భారం

వ్యవస్థను మార్చలేనివారు యాంటీవైరస్ మీద భారం వేశారు. ఎక్స్‌పి మద్దతు ముగిసినా తన మాల్‌వేర్ నిరోధక ముద్రలను ఎక్స్‌పికి 2015 జులై 14 దాకా ఇస్తానని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మద్దతు లేని వ్యవస్థ మీద వాటి ప్రభావం పరిమితమేనని కూడా అదే నోటితో చెప్పింది. ఇతర సంస్థలు మరికొన్నేళ్ళు కొనసాగించి, ఒకదాని తరువాత ఒకటి విరమించుకున్నాయి.

ఈ ప్రభావం పరిమితం కావడానికి కారణం యాంటీవైరస్ నిలబడే చోటు. అది ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన అనుమతులతో, దాని మీద నిలబడి పనిచేసే ప్రోగ్రామ్. ఫైలు తెరుచుకున్నదని, ప్రోగ్రామ్ మొదలైనదని దానికి కబురు అందించేది ఆ వ్యవస్థే. దాడి చేసేవాడు కెర్నెల్‌లోని పగులు గుండా లోపలికి వస్తే, కబురు తెచ్చేవాడే శత్రువు అధీనంలో ఉంటాడు. అలాగని యాంటీవైరస్ నిరర్థకమనడం కూడా సరికాదు. పెన్‌డ్రైవ్ మీద తిరిగే పాత వైరస్‌లలో అత్యధికం తెలిసిన ముద్రలు ఉన్నవే. డీటీపీ కేంద్రానికి రోజూ ఎదురయ్యేవి అవే. వాటి విషయంలో అది ఇప్పటికీ పనికివస్తుంది. అది ఆపలేనిది కొత్త పగులును.

తెలుగుకు సంబంధించి మరొక చిక్కు ఉంది. కీబోర్డు మేనేజర్ చేసే పనిని తిరిగి చూడాలి. వినియోగదారుడు నొక్కిన ప్రతి మీటనూ అది అడ్డగించి చదువుతుంది. రహస్య సంకేతపదాలను దొంగిలించే 'కీలాగర్' చేసే పని కూడా సరిగ్గా ఇదే. ముద్రలతో పాటు ప్రవర్తనను కూడా గమనించే యాంటీవైరస్‌కు ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోయే అవకాశం ఉంది. దానిమీద నకలు ఫాంట్లతో వచ్చే 'క్రాక్' ఫైళ్ళు అసలే అనుమానాస్పదాలు. తెలుగు టైపు ఆగిపోయినప్పుడు టైపిస్టుకు దొరికే సులభమైన పరిష్కారం యాంటీవైరస్‌ను ఆపివేయడం, లేదా ఆ ఫోల్డర్‌ను తనిఖీ నుంచి మినహాయించడం. ఆ మినహాయించిన ఫోల్డరే దొంగకు సురక్షితమైన గది. తెలుగులో రాయడానికి రక్షణను సడలించవలసి రావడం ఇంగ్లీషు టైపిస్టుకు ఎన్నడూ ఎదురుకాని సమస్య.

7. వాన్నాక్రై: పాతదీ, సవరించనిదీ

2017 మే 12న మొదలైన వాన్నాక్రై దాడి ఫైళ్ళకు తాళం వేసి, తెరవడానికి 300 డాలర్లను బిట్‌కాయిన్‌లో అడిగింది. బ్రిటన్ ఆరోగ్య సేవల వ్యవస్థ స్తంభించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడినట్లు అప్పటి వార్తలు తెలిపాయి. ప్రపంచమంతా ఎక్స్‌పి పేరు మారుమోగింది. ఎక్స్‌పికి మద్దతు ముగిసిన మూడేళ్ళకు, నియమాన్ని సడలించి, మైక్రోసాఫ్ట్ దానికి అత్యవసర ప్యాచ్ ఇచ్చింది. 2019 మే నెలలో బ్లూకీప్ లోపం బయటపడినప్పుడూ అలాగే చేసింది.

అయితే ఆ తరువాతి పరిశీలనలో ఒక సంగతి తేలింది. వాన్నాక్రై సోకిన యంత్రాలలో అత్యధికం విండోస్ 7వి. ఎక్స్‌పి యంత్రాలలో ఆ వార్మ్ చాలావరకు స్థిరంగా నడవలేక యంత్రమే ఆగిపోయింది. విండోస్ 7కు అప్పటికి మద్దతు ఉంది. ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలలు గడిచినా వేసుకోలేదు. కనుక 'పాతది' అన్నదొక్కటే ప్రమాద సూచిక కాదు. సవరించని కొత్తదీ, సవరించలేని పాతదీ ఆ రోజున ఒకటే. తేడా అల్లా మొదటిదానికి మరునాడు మందు ఉంది, రెండవదానికి దయాదాక్షిణ్యాలే దిక్కు.

బ్యాంకుల ఏటీఎంలలో మద్దతు లేని వ్యవస్థలను దశలవారీగా 2019 జూన్ నాటికి పూర్తిగా మార్చాలని రిజర్వ్ బ్యాంకు 2018 జూన్‌లో ఆదేశించింది. డబ్బుకు గడువు పెట్టేవారున్నారు. పాఠానికి అలా గడువు పెట్టే సంస్థ లేదు.

8. తాళం పడిన పాఠం

తాళం వేసే వైరస్ గురించి మాట్లాడేటప్పుడు మరొక తాళాన్ని విస్మరించరాదు. పాత డీటీపీ ఫైళ్ళు ఏ దొంగా రాకుండానే తాళం పడి ఉన్నాయి. పేజ్‌మేకర్ ఫైళ్ళను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరవగలదు, ఆ తరువాతి కూర్పులు తెరవవు. తెరిచినా లోపల ఉన్నది రోమన్ గుర్తుల వరుస. పీడీఎఫ్‌గా మార్చి పెట్టుకున్నవి చూడడానికి తెలుగుగా ఉంటాయి, వెతికితే దొరకవు, నకలు తీసి అతికిస్తే గుర్తుల కుప్ప వస్తుంది.

ఈ విషయం విశ్వవిద్యాలయాలకు నేరుగా సంబంధించినది. యూజీసీ 2009 నిబంధనల తరువాత పరిశోధన గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగకు చేరుతున్నాయి. యూనికోడేతర ఫాంట్లలో కూర్చిన తెలుగు సిద్ధాంత గ్రంథం అక్కడ ఉన్నా, అందులోని ఒక పదం కోసం వెతికే పరిశోధకునికి అది లేనట్లే. గ్రంథచౌర్యాన్ని పరిశీలించే సాఫ్ట్‌వేర్‌కు అటువంటి పాఠంలో పోల్చదగిన తెలుగు మాటలే కనబడవు. ఒకే అంశం మీద రెండు చోట్ల పని జరిగినా తెలియకపోవడానికి ఇది ఒక కారణం.

అను వంటి ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఇప్పుడు లభిస్తున్నాయి. వాటిలో కొన్ని స్వచ్ఛంద సాంకేతికుల కృషి ఫలితం. మార్పు యాంత్రికంగా పూర్తికాదు. అచ్చులో క్రారవడి హల్లుకు ఎడమవైపు నుంచి మొదలవుతుంది గనుక పాత పద్ధతిలో అది హల్లు కంటే ముందు నమోదై ఉండవచ్చు. యూనికోడ్‌లో హల్లు తరువాతే రావాలి. 'ప్రకృతి'లో క్రారవడినీ వట్రసుడినీ వేరుచేసి, ముక్కలుగా ఉన్న 'మ'ను 'వు'తో పొరబడకుండా గుర్తించి, రెండు ఒత్తులున్న 'స్త్రీ' వంటి అక్షరాలను సరైన వరుసలో పెట్టాలి. టైపిస్టు కంటికి ఇంపుగా ఉండాలని చేర్చిన అదనపు ముక్కలను తొలగించాలి. మిగిలే తప్పులను పట్టగలిగినది తెలుగు చదివిన కన్ను మాత్రమే. ఒక గ్రంథాన్ని మార్చి దిద్దడం పాత తాళపత్రాన్ని పరిష్కరించడానికి దగ్గరి పని. దానిని పరిశోధనగా లెక్కించే అలవాటు తెలుగు శాఖలలో ఇంకా ఏర్పడలేదు.

ఈ పని జరిగే వరకు పాత యంత్రం అవసరం తీరదు. దానిని ఉంచుకునే పద్ధతి ఉంది. నెట్‌వర్క్ తీగ తీసివేయాలి. ఫైళ్ళను మరొక, మద్దతు ఉన్న యంత్రంలో యాంటీవైరస్‌తో పరిశీలించిన తరువాతే పెన్‌డ్రైవ్‌లో ఇటు తేవాలి. ఆటోరన్ ఆపివేయాలి. వీలైతే ఎక్స్‌పిని విడి యంత్రంగా కాక, కొత్త యంత్రంలో అంతర్జాలం లేని వర్చువల్ యంత్రంగా నడపాలి. ఫాంట్ ఫైలుతో సహా ప్రతి పుస్తకానికీ రెండు ప్రతులు, అందులో ఒకటి ఏ యంత్రానికీ తగిలించకుండా, వేరుగా ఉంచాలి. ఫాంట్ లేకుండా పేజ్‌మేకర్ ఫైలును మాత్రమే దాచుకున్నవారి వద్ద ఉన్నది పుస్తకం కాదు.

విండోస్ 7 మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిశాయి. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 ఏర్పాటు లేని యంత్రాలు కళాశాలల ప్రయోగశాలల్లో, చిన్న ప్రెస్సుల్లో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. అందువల్ల 2014 నాటి ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చింది. ఈసారి విండోస్‌లోనూ, ఇన్‌డిజైన్‌లోనూ, ఉచిత ఫాంట్లలోనూ యూనికోడ్ తెలుగు సిద్ధంగా ఉంది. సిద్ధంగా లేనివి 1990ల నుంచి పోగుపడిన ఆ పాత ఫైళ్ళు. వాటిని తెరవగల యంత్రాలు, వాటిని కొట్టిన టైపిస్టులు ఇప్పటికి అందుబాటులో ఉన్నారు.